బొమ్మ బువ్వ పెడుతుందా?

బూరుగుపల్లి నుంచి బరోడా దాకా - ఒక కుంచె నడిచిన దారి

తాడ్వాయి: "బొమ్మలు గీస్తే బువ్వ దొరుకుతుందా?" నోటు పుస్తకం చివరి కాగితాలను బొమ్మలతో నింపే పిల్లలకు పల్లెలో మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. తాడ్వాయిలో అయినా, లింగంపేటలో అయినా, గాంధారిలో అయినా అడిగే మాట ఒక్కటే. (ఇక్కడ చెప్పేది కామారెడ్డి, ఎల్లారెడ్డి నడుమ ఉన్న తాడ్వాయి సంగతి. మేడారం జాతరకు పోయే దారిలోని తాడ్వాయి వేరు.) అడిగేవారిని తప్పు పట్టడానికీ లేదు. వరి వేస్తే ఎన్ని బస్తాలు వస్తాయో, చెరకు వేస్తే ఎన్ని టన్నులు తూగుతుందో రైతుకు ఓ అంచనా ఉంటుంది. బొమ్మకు అటువంటి లెక్క ఏదీ లేదు. కొనేవాడు వస్తే ధర. రాకపోతే అది గోడకు బరువు.

పైగా పల్లె కళ్లెదుటే ఒక దృష్టాంతం కూడా ఉంది. ఒకప్పుడు ప్రతి బస్టాండు దగ్గరా ఒక ఆర్టిస్టు దుకాణం ఉండేది. కిరాణా కొట్టు బోర్డు, కల్లు దుకాణం బోర్డు, ఎడ్లబండి పలకల మీద పువ్వులు, లారీ వెనుక నెమలి, ఎన్నికలు వస్తే గోడ మీద గుర్తులు - అన్నీ ఆ చేతి మీదుగా నడిచేవి. పేరు చివర "ఆర్ట్స్" అని రాసుకున్న ఆ మనిషి ఇంటిల్లిపాదినీ కుంచెతోనే సాకాడు. 2000 సంవత్సరం తరువాత ఫ్లెక్సీ యంత్రం వచ్చింది. రెండు రోజుల పని అరగంటలో, సగం ధరకు అయిపోవడం మొదలయింది. కుంచె పట్టిన చేతులు చాలావరకు ఇళ్లకు సున్నాలు వేసే పనికి పోయాయి, లేదా ఆ ఫ్లెక్సీ దుకాణంలోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాయి. ఇది చూసిన తండ్రి కొడుకును, కూతురిని బొమ్మల దారిలోకి పొమ్మని ఎలా అంటాడు?

అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన మనిషి ఒకరు మన పక్క జిల్లాలోనే పుట్టారు. ఆయన శ్రీ తోట వైకుంఠం. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి ఆయన స్వగ్రామం. పుట్టింది 1942లో. పెద్ద బొట్టు, నల్లని నిగనిగలాడే ఒళ్లు, ఎర్రని చీర, కొప్పులో పువ్వు, ముక్కుకు పుడక - ఈ రూపంతో తెలంగాణ పల్లె ఆడమనిషిని ఢిల్లీ, బొంబాయి గ్యాలరీల గోడలకు ఎక్కించిన చిత్రకారుడు ఆయనే. ఆయన బొమ్మలు నేడు లక్షల్లో అమ్ముడవుతున్నాయి. అయితే ఆ లక్షల సంగతి ఒక్కటే చెప్పి ఊరుకుంటే పిల్లలను తప్పుదారి పట్టించినట్లవుతుంది. ఆ గడ్డకు చేరడానికి ముందు ఎంత కాలం పట్టింది, నడుమ ఆయన ఏం చేశారు అన్నదే అసలు తెలుసుకోవలసింది.

ఆడవేషం చూసిన కళ్లు

వైకుంఠం బాల్యంలో పల్లెకు నాటకాలు కట్టే బృందాలు వచ్చేవి. పెట్రోమాక్స్ దీపాల వెలుగులో తెల్లవార్లూ ఆట. ఆ బృందాలలో ఆడవేషం కట్టేది మగవారే. ముఖానికి రంగు పూసుకుని, బొట్టు పెట్టుకుని, చీర కట్టుకుని మగమనిషి ఆడమనిషిగా మారిపోవడం ఆ పిల్లవానికి పెద్ద వింత. తన చిత్రాల వెనుక ఆ జ్ఞాపకం ఉందని ఆయన పెద్దయిన తరువాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆయన గీసిన స్త్రీల భుజాల బలుపు, ముఖాల నిండుదనం, రంగు దట్టంగా పులిమినట్లుండే తీరు చూస్తే వేషగాడి ముఖం గుర్తుకు రాక మానదు. రెండో ప్రేరణ ఆయన తల్లి.

హైదరాబాదులోని లలిత కళల కళాశాలలో చదివి ఆయన 1970లో డిప్లొమా పుచ్చుకున్నారు. తరువాత ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ ఇచ్చిన ఉపకార వేతనంతో గుజరాత్‌లోని బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ గురువు కె.జి. సుబ్రహ్మణ్యన్ (1924-2016). దేశంలోని గొప్ప చిత్రకారులలో ఒకరైన సుబ్రహ్మణ్యన్ పల్లె కుమ్మరి చేసే మట్టిబొమ్మనూ, ఇల్లాలు వేసే ముగ్గునూ పాఠంగా చూసిన మనిషి. అటువంటి గురువు దగ్గర చదివినవారికి ఊరి మీద చిన్నచూపు ఉండే వీలు లేదు.

బరోడా నుంచి తిరిగి వచ్చాక వైకుంఠం తన పల్లె మనుషులనే గీయడం మొదలుపెట్టారు. మొదట్లో రంగు తక్కువ. బొగ్గుతో, పెన్సిలుతో గీతలు, నీటి రంగులు. బొగ్గు చవక గదా! పొట్టకోసం పిల్లలకు బొమ్మలు నేర్పే కొలువు చేశారు. ఆ కొలువు మాటు నుంచే ఏళ్ల తరబడి గీశారు. పేరు, డబ్బు, రంగుల వైభవం అన్నీ నడివయసు దాటాక వచ్చినవి.

నడుమ సినిమా ఒకటి. గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌కు చెందిన శ్రీ బి. నర్సింగరావు తీసిన 'దాసి' (1988) సినిమాకు వైకుంఠం కళా దర్శకత్వం వహించారు. 1920ల నాటి తెలంగాణ గడీలో ఒక దాసి బతుకు ఆ కథ. గడీ గోడల మసక, లాంతరు వెలుగు, కంచు గిన్నె, నులక మంచం - ఏది ఎక్కడ ఉండాలో తెలిసిన కన్ను కావాలి. ఆ పనికి వైకుంఠానికి జాతీయ ఉత్తమ కళా దర్శకుడి అవార్డు లభించింది. అదే సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి (అర్చన), ఛాయాగ్రహణం, దుస్తుల రూపకల్పన అవార్డులు కూడా వచ్చాయి. ఊరి వాడుక వస్తువులను ఒక్కొక్కటిగా ఎరిగి ఉండడమే చదువుగా పనికి వచ్చిన సందర్భం అది. 1993లో భోపాల్ భారత్ భవన్ వారి ద్వైవార్షిక ప్రదర్శనలో కూడా ఆయనకు బహుమతి వచ్చింది.

కలిపిన రంగు కాదు, నిలిచిన రంగు

ఆయన వాడే రంగులు చూడండి. ఎరుపు, కాషాయం, పసుపు, ఆకుపచ్చ. ఒకదానితో ఒకటి కలిపి మసకచేసిన రంగులు తక్కువ. ఇవి కొత్తగా కనిపెట్టినవేమీ కావు. గడపకు పసుపు, గోడకు జాజు, ఆ జాజు మీద సున్నంతో చుక్కలు, పండుగనాడు బతుకమ్మలో తంగేడు పసుపు పక్కన గునుగు తెలుపు - పల్లె ఇల్లు ఎప్పుడూ పచ్చిరంగులనే పక్కపక్కన పెట్టుకుని బతికింది. పట్నంలోని కళా విమర్శకులు ఈ రంగుల కూర్పును చూసి ఆశ్చర్యపడ్డారు గాని, తాడ్వాయి ముసలమ్మకు చూపిస్తే ఆశ్చర్యపడదు. తన చీర పెట్టెలోనూ అవే ఉంటాయి.

ఈ రంగులను పట్టి నిలిపింది అక్రిలిక్. వైకుంఠం ప్రసిద్ధ చిత్రాలలో ఎక్కువ భాగం కాన్వాసు గుడ్డ మీద అక్రిలిక్ రంగులతో వేసినవే. ఈ అక్రిలిక్ అన్నది ఏమిటో తెలుసుకుంటే చిత్రకారుడి పని సగం అర్థమవుతుంది.

ఏ రంగుకైనా రెండు భాగాలు. ఒకటి పొడి. రెండు ఆ పొడిని గోడకో గుడ్డకో అంటిపెట్టే జిగురు. పొడి రాయి నుంచి రావచ్చు, మట్టి నుంచి రావచ్చు, ఫ్యాక్టరీ నుంచి రావచ్చు. జిగురును బట్టి రంగు పేరు మారుతుంది. అవిసె నూనెలో నూరితే తైలవర్ణం. తుమ్మ జిగురులో నూరితే నీటి రంగు. గుడ్డు సొనలో కలిపితే టెంపెరా. అక్రిలిక్ అనే కృత్రిమ రెజిన్‌ను నీటిలో పాలలాగా కలిపి, అందులో రంగుపొడి చేర్చితే అక్రిలిక్ రంగు. రెజిన్ అంటే కొత్త మాటలాగా వినిపిస్తుంది గాని, దూపం వేసే సాంబ్రాణి, గుగ్గిలం చెట్ల నుంచి కారే రెజిన్లే. వడ్రంగి తలుపుకు పట్టించే చపడా, గాజుల లక్క, పురుగులు చెట్ల మీద పెట్టే రెజిన్. ఇది ఫ్యాక్టరీ చేసినది, అంతే తేడా.

1930లలో జర్మనీలో అక్రిలిక్ రెజిన్‌తో పగలని అద్దం తయారుచేశారు. నీటితో కలిసే చిత్రకారుల అక్రిలిక్ రంగులు 1950ల నడుమ అమెరికాలో అంగళ్లకు వచ్చాయి. అంటే వైకుంఠం బడికి పోయే నాటికి లోకంలో ఈ రంగు అప్పుడప్పుడే పుడుతున్నది. 1967లో ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అమెరికాలోని కాలిఫోర్నియా ఎండను, ఈతకొలను నీలాన్ని దీనితోనే వేసి పేరు తెచ్చుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉన్న చోట, రంగు చదునుగా, తళతళా ఉండాలనుకున్నచోట ఈ రంగు బాగా కుదిరింది. మన ఎండ సంగతి చెప్పనక్కరలేదు.

ఫెవికాల్ ఎరుగని ఇల్లు లేదు. సీసాలో ఉన్నప్పుడు తెల్లగా పాలలాగా ఉంటుంది, ఆరితే అద్దంలాగా తేట పడుతుంది. ఆరక నీళ్లు పోసినా కరగదు. అక్రిలిక్ రంగు నడవడి అదే. తడిగా ఉన్నప్పుడు నీటితో పలుచన చేయవచ్చు, చేతికి అంటితే కడుక్కోవచ్చు. నీరు ఆవిరై పోగానే రెజిన్ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని తోలులాంటి పొర అవుతుంది. ఇక నీటికి లొంగదు. ఇళ్ల గోడలకు వేసే ఎమల్షన్ పెయింటు కూడా ఈ కుటుంబంలోదే.

తైలవర్ణం ఒక పొర ఆరడానికి రోజులు పడుతుంది. అక్రిలిక్ పలుచని పొర పావుగంటలో ఆరుతుంది. దీని వల్ల చిత్రకారుడికి లాభం ఉంది, కష్టమూ ఉంది. ఎర్రచీర పొర ఆరగానే దాని మీద జరీ అంచు గీయవచ్చు, కింది రంగు పైకి రాదు. తప్పు పోతే పావుగంట ఆగి దాని మీద మరో పొర వేసి కప్పేయవచ్చు. కాని బుగ్గ మీద వెలుగు నుంచి నీడకు మెల్లగా జారే మెత్తదనం కావాలంటే రంగు తడి ఉండగానే పని ముగించాలి. చైత్ర, వైశాఖాలలో మన దగ్గర అది చేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. పళ్లెంలో పిండిన రంగు కుంచె ముంచేలోగా చెక్కు కడుతుంది. అందుకని తడిగుడ్డ పరిచి దానిమీద రంగు పెట్టుకుంటారు, నడుమ నడుమ నీళ్లు చిలకరిస్తారు, ఫ్యాను గాలి పక్కకు తిప్పుకుంటారు. వేసవిలో తెల్లవారుజామునే పనికి కూర్చోవడానికి చిత్రకారుడికీ రైతుకూ కారణం ఒక్కటే. కుంచె కడగడం మరిచి భోజనానికి లేస్తే ఆ కుంచె చీపురు పుల్లే. మంచి కుంచె ధర తెలిసినవారికి ఆ నష్టం తెలుస్తుంది.

ఇంకొక చిక్కు. తడి రంగులోని రెజిన్ తెల్లగా ఉంటుంది గనుక, ఆరిన తరువాత రంగు ఒక పిసరు ముదురుతుంది. నిన్న వేసిన నల్లని మేని ఛాయకు నేడు జత కలపాలంటే ఆ తేడాను కన్ను ముందే పసిగట్టాలి. పుస్తకం చదివి నేర్చుకునేది కాదిది. రోజూ వేస్తేనే వస్తుంది. పూర్తికాలం చిత్రకారుడికీ, పండుగకో పబ్బానికో కుంచె పట్టేవారికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

పాతకాలంలో పూర్తికాలం

బొమ్మలే వృత్తిగా బతకడం మన ప్రాంతానికి తెలియని విద్య అనుకుంటే పొరపాటు. నకాషీలు తరతరాలుగా అదే చేశారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో ఆ కుటుంబాలు నేటికీ ఉన్నాయి. పటం వేయాలంటే ముందు గుడ్డ సిద్ధం చేయాలి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజలు ఉడకబెట్టి తీసిన జిగురు, తుమ్మజిగురు కలిపి పట్టించి, ఆరబెట్టి, మళ్లీ పట్టించి, ముమ్మారు చేస్తే అది తోలులాగా తయారవుతుంది. వెనుక నేల ఎరుపు. ఇంగిలీకంతో ఆ ఎరుపు. దీపపు మసితో నలుపు. కుంచెకు ఉడుత వెంట్రుకలు. వెడల్పు మూడడుగులు ఉంటే పొడవు నలభై, అరవై అడుగుల దాకా సాగేది.

ఆ పటాలను కొన్నది దొరలూ కాదు, దేవాలయాలూ కాదు. కథలు చెప్పి బతికే పేదలు. కాకిపడగలవారు, మందహెచ్చులవారు, గౌడజెట్టీలు, కూనపులివారు - ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పేవారు ఒక్కో తెగ. పటం విప్పుతూ, ఒక్కొక్క బొమ్మకు కర్ర ఆనిస్తూ రాత్రంతా కథ చెప్పేవారు. ఆ కథ వినే కులంవారు వారికి ధాన్యం ఇచ్చేవారు. ఆ ధాన్యంలోనే నకాషీ కూలి కూడా ఉంది. పటం చిరిగి పాతబడితే దానికి శాస్త్రోక్తంగా పూజ చేసి నదిలో కలిపేవారు, కొత్తది వేయించుకునేవారు. అందువల్ల నకాషీకి పని తెగేది కాదు. సినిమాలు, టీవీలు వచ్చి కథ వినేవారు తగ్గాక ఆ గొలుసు తెగింది. చేర్యాల కుటుంబాలు చిన్న పటాలు, గోడకు తగిలించే ముఖాలు చేసి పట్నపు కొనుగోలుదారులను వెతుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు చాలామంది దుకాణపు రంగులూ వాడుతున్నారు. కొందరు పెద్దలు అది చూసి నొచ్చుకుంటారు. కాని రంగు నూరడానికి పట్టే రోజులకు కూలి ఎవరిస్తారన్న మాటకు వారి దగ్గరా సమాధానం లేదు.

ఆర్మూరు దాటి గోదావరి అవతలికి పోతే నిర్మల్. అక్కడ పొణికి చెక్కతో బొమ్మలు, నల్లని నేల మీద బంగారు రంగుతో చిత్రాలు. వారు ఆకు పసర్లు, రాతిరంగులు విడిచి లారీలకు వేసేటటువంటి మెరుపు రంగులకు మారి చాలా కాలమే అయింది. ఆ నునుపు చూసే జనం కొన్నారు. జిగురు మారడం, దానితోపాటు వృత్తి కొంతకాలం నిలవడం మన ప్రాంతానికి కొత్త కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

అందరూ కొలువు చేసినవారే

వైకుంఠం ఒక్కరే కాదు. ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి లోకానికి తెలిసిన చిత్రకారుల జీవితాలు తిరగేస్తే ఒక సంగతి బయటపడుతుంది. దాదాపు అందరూ నెల జీతం మీద కాళ్లు ఆనించి చేతులతో బొమ్మలు వేసినవారే.

సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925-2012) డ్రాయింగు మాస్టరు. బడిలో పాఠం చెప్పి వచ్చి బోనాలు, కోలాటం, వడ్డెర కూలీలు, ఎల్లమ్మ జోగి బొమ్మలు వేశారు. నకాషీ పద్ధతిని ఇష్టపడి తన చిత్రాలలోకి తెచ్చుకున్నారు. పేరు వచ్చిందని ఊరు వదిలి పోలేదు. సిద్దిపేటలోనే లలిత కళా సమితి నెలకొల్పి పిల్లలకు నేర్పారు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన శ్రీ కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులో, బరోడాలో చదివి దూరదర్శన్‌లో కొలువు చేశారు, ఆపైన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆయన గీతల్లో మేకలు, తాళ్లు, చెట్లు, పల్లె మనుషులు. 2016లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పాకాల తిరుమల్ రెడ్డి (1915-1996) బొంబాయి జె.జె. స్కూలులో చదివిన మొదటితరం మనిషి. ఆయన భార్య 'మా ఊరి ముచ్చట్లు' రాసిన పాకాల యశోదారెడ్డి. తిరుమల్ రెడ్డి కూడా కొన్నేళ్లు కుంచె పక్కనబెట్టి ఫర్నిచరు వ్యాపారం చూసుకున్నారు. దేశమంతటా పేరుపడ్డ ఎం.ఎఫ్. హుస్సేన్ (1915-2011) సైతం బొంబాయిలో సినిమా బోర్డులు వేసి పొట్ట పోసుకున్నవారే. మన బస్టాండు ఆర్టిస్టు చేసిన పనే అది.

కాబట్టి "పూర్తికాలం చిత్రకారుడు" అన్న మాట వినడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, అది చాలామందికి పని మొదలుపెట్టిన ఇరవై ఏళ్లకు, ముప్పై ఏళ్లకు అందిన హోదా. ఇది పిల్లలకు దాచకుండా చెప్పవలసిన మాట. చెప్పకపోతే మొదటి రెండేళ్లలో బొమ్మ అమ్ముడుపోలేదని తన చేతిలో విద్య లేదనుకుంటారు.

అమ్మకంలోనూ ఒక లెక్క ఉంది. గ్యాలరీవారు చిత్రం అమ్మిపెడితే ధరలో మూడోవంతు నుంచి సగం దాకా వారు ఉంచుకోవడం రివాజు. గది కిరాయి, దీపాలు, ఆహ్వానాలు, కొనేవారితో పరిచయాలు అన్నీ వారివి గనుక అది అన్యాయమని గట్టిగా అనలేం. కాని పదివేలకు బొమ్మ పోయిందని ఊళ్లో చెప్పుకునే నాటికి చిత్రకారుడి చేతికి అయిదారు వేలు వస్తాయి. అందులో కాన్వాసు, కట్టె చట్రం, రంగులు, హైదరాబాదుకు బస్సు చార్జీలు పోను మిగిలింది నెల కూలి. మిర్చి రైతుకు, కమీషను ఏజెంటుకు మధ్య లెక్క ఎరిగినవారికి ఇది సులువుగా బోధపడుతుంది.

సీసా రెజిన్ మోజు

ఇక ఈ అయిదారేళ్లుగా కొత్తగా వచ్చినది ఎపాక్సీ రెజిన్ పని. సెల్‌ఫోన్లో చూసి నేర్చుకున్న యువతీ యువకులు పట్నాలలోనే కాదు, మండల కేంద్రాలలో కూడా మొదలుపెడుతున్నారు. గోడ గడియారాలు, పేరు పలకలు, ట్రేలు, పెళ్లినాటి పూలదండను అద్దంలాంటి పలకలో బిగించి ఇవ్వడం. అక్రిలిక్‌తో బొమ్మ వేసి దాని మీద ఈ రెజిన్ పోస్తే నీటి అడుగున ఉన్నట్లు లోతుగా కనిపిస్తుంది. కొన్నవారు సంతోషపడతారు. బొమ్మకు లేని ఒక సుఖం దీనికి ఉంది: ముందు ఆర్డరు, తరువాత పని.

ఇది కూడా జిగురే, కాని తీరు వేరు. రెండు సీసాలుంటాయి. ఒకదానిలో రెజిన్, మరొకదానిలో గట్టిపరిచే మందు. సీసా మీద రాసిన పాళ్లలోనే కలపాలి. కంటితో కొలిస్తే కుదరదు. పాలు తప్పితే వారం గడిచినా బంకలాగే ఉంటుంది. కలిపిన క్షణం నుంచి లోపల వేడి పుడుతుంది. ఒకేసారి మందంగా పోస్తే ఆ వేడికి పొగలు రావచ్చు, పగుళ్లు రావచ్చు. పలుచగా పోసి, బుడగలను వేడిగాలితో పోగొట్టి, ధూళి పడకుండా మూత పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచాలి. పలక సమమట్టంగా లేకపోతే ఒక పక్కకు జారుతుంది. వానాకాలపు తేమకు పైన మంచు పట్టినట్లు మసక కమ్ముతుంది. ఎండ తగిలేచోట పెడితే ఏళ్లు గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరుగుతుంది. కొనేవారికి ఈ చివరి మాట చెప్పి అమ్మడం మంచిది.

దీనికన్నా ముఖ్యమైనది ఆరోగ్యం. నేర్పే వీడియోలు చాలావాటిలో ఈ సంగతి చివర ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పడితే దురద, దద్దుర్లు వస్తాయి. ఒకసారి ఒంటికి పడనితనం మొదలయితే అది మళ్లీ పోదు, ఆపైన కొంచెం తగిలినా లేస్తుంది. చేతికి రబ్బరు తొడుగు లేకుండా ముట్టరాదు. కిటికీలు తెరిచిన గదిలో, పసిపిల్లలు, వంట సామాన్లు లేనిచోట చేయాలి. మంచం వేసుకుని పడుకునే గదిలోనే పోసిపెట్టుకోవడం అస్సలు పనికిరాదు. గట్టిపడినదాన్ని ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు పోతుంది గనుక ముక్కుకు గట్టి మాస్కు కావాలి, భుజం మీద తువ్వాలు చుట్టుకుంటే చాలదు. మిగిలిన ముద్దను మోరీలో పారబోయకుండా గట్టిపడనిచ్చి పారేయాలి. అక్రిలిక్ రంగుకు ఇంత భయం లేదు. అయినా కుంచె కడిగిన నీళ్లు పశువులు తాగే కుడితి తొట్టి దగ్గర పోయకపోవడమే మేలు.

ఈ రెజిన్ పనితో నెల నెలా నాలుగు డబ్బులు చూస్తున్నవారు ఉన్నారు. ఇంటి పట్టున ఉండే ఆడపిల్లలకు అది చిన్న విషయం కాదు. కాని వచ్చే చిక్కు ఒకటుంది. కామారెడ్డిలో పోసిన గడియారానికీ, జైపూర్‌లో పోసిన గడియారానికీ తేడా తెలియదు. అందరూ చూసేది అవే వీడియోలు, పోసేది అవే నీలి అలలు. సముద్రం మొహం చూడని జిల్లాలో సముద్రపు అలల ట్రేలు! ఇంకొకరు పది రూపాయలు తక్కువకు ఇస్తే ఆర్డరు అటు పోతుంది. వైకుంఠం బొమ్మను దూరం నుంచి చూసినా ఎవరిదో చెప్పేయవచ్చు. ఆ ఎర్రచీర ఆమె బూరుగుపల్లి నుంచి వచ్చింది గనుక. సీసాలోని రెజిన్ అందరికీ ఒక్కటే. అందులో బంధించేది మోదుగు పువ్వా, గునుగు పువ్వా, అంగట్లో కొన్న ప్లాస్టిక్ పువ్వా అన్నది చేసేవారి చేతిలో ఉంది.

చదువుకోవాలనుకుంటే

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పిల్లలకు హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలిత కళల విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. చదువు ఉంది. వైకుంఠం చదివిన కళాశాలే 2008లో ఈ విశ్వవిద్యాలయంలో భాగమయింది. ప్రవేశానికి విడిగా పరీక్ష ఉంటుంది. అందులో మార్కుల కంటే చేతి గీత ముఖ్యం. రోజూ ఇంటి ముందర కనిపించే మనిషిని, మేకను, మంచాన్ని చూసి గీసే అలవాటు ఉన్నవారికి అది భయపడే పరీక్ష కాదు. ఆపై చదువు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలులో ఉంది. అంత దూరం పోలేనివారికి ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు ఉన్నాయి. ఒకనాడు పల్లెల నుంచి డ్రాయింగు మాస్టర్లయినవారిలో చాలామంది ఆ మెట్టు ఎక్కినవారే. అయితే బడుల్లో ఆ కొలువులు ఇప్పుడు అరుదు. ఎక్కువమంది ప్రయివేటు బడుల్లో చెబుతూ సాయంత్రాలు తమ బొమ్మలు తాము వేసుకుంటున్నారు.

బొమ్మలను అచ్చులో, సెల్‌ఫోన్లో చూడడం వేరు, ఎదురుగా నిలబడి చూడడం వేరు. కామారెడ్డిలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నంలోగా హైదరాబాదు. మాదాపూర్‌లోని రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీలో ఏదో ఒక ప్రదర్శన తరచుగా నడుస్తూ ఉంటుంది. దగ్గరకు పోయి పక్కవాటుగా చూస్తే అక్రిలిక్ పొర మీద పొర ఎలా కూర్చుందో, కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ తిరిగి దిద్దారో కనిపిస్తుంది. చేర్యాలకు అయితే సిద్దిపేట మీదుగా బస్సులో పోవచ్చు. చింతగింజల జిగురు ఉడికే వాసన ఆ ఇళ్లలో ఇప్పటికీ వస్తుంది.